తుప్పు పట్టిన అరవై రివాల్వర్లు

రివాల్వర్ల ఉక్కును గట్టిపరిచే మేస్త్రినైన నేను, అరవై ఎనిమిదో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఊపిరితిత్తులు చెడినా మతి చెడలేదని డాక్టరుగారు పరీక్షించి చెప్పారు. లోగడ రాసినది రద్దు. అందులో మా అన్నయ్యను 'పూజ్యులు' అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

1. నా ఇల్లు, అందులోని సామాను సర్వహక్కులతో నా భార్యకు చెందాలి. ముప్పై ఏళ్లు నా చొక్కాల వాసన వదలగొట్టింది. ఒక్కనాడూ విసుక్కోలేదని రాయబోయాను. అబద్ధం, రోజూ విసుక్కుంది. అయినా ఉతికింది. కిటికీ పక్క మంచం ఆమెదే, ఎవరూ కదపకూడదు.

2. ఉక్కు గట్టిదనం గీకి చూసే నా ఆకురాయి మా అమ్మాయికి. కరిగిన ఉప్పు తొట్టిలో సరిగ్గా కాగిన ఉక్కు మీద ఆకురాయి పట్టదు, జారిపోతుంది. తొట్టిలో దానికి వచ్చే నలుపు పైన పూసింది కాదు, లోపలికి దిగిన గట్టిదనం. చెమటకు తుప్పెక్కదు, తోలు ఒరలో ఏళ్లతరబడి రాసుకున్నా చెరగదు. అమ్మాయి పళ్ల డాక్టరు. గట్టిదేదో పుచ్చిందేదో దానికి ఒకరు చెప్పనక్కర్లేదు.

3. అన్నయ్యా నేనూ కలిసి నడిపే కార్ఖానాలో నా సగం వాటా బ్యాంకు కాపలాదారు భార్యకు. కారణం అందరికీ తెలియాలి. పదమూడేళ్ల కిందట తొట్టి హీటరు కాలిపోయింది. ఒక దుకాణానికి వారంలో అరవై రివాల్వర్లు అందించాలి. "నల్లరంగు కొట్టి పంపెయ్‌రా, ఎవడు గీకి చూస్తాడు?" అన్నాడు అన్నయ్య. కొట్టాను. 'తొట్టిలో గట్టిపరిచినవి' అని అరవై చీటీల మీద సంతకమూ పెట్టాను. వాటిలో ఒకటి ఆ కాపలాదారు కొనుక్కున్నాడు. రెండు వానాకాలాలకే రంగు కింద తుప్పెక్కి తూటాల చక్రం బిగుసుకుంది. దొంగలు మీదికొచ్చినప్పుడు అది తిరగలేదు. మనిషి బ్యాంకు మెట్ల మీదే ప్రాణం వదిలాడు.

పోలీసులు తిరిగిచ్చాక ఆయన భార్య దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ప్రతి ఆదివారం తుడిచేవాడండీ. ఆయన ఏం తక్కువ చేశాడో చెప్పండి," అంది. గోటితో గీకాను. పెచ్చు ఊడి గోట్లో ఇరుక్కుంది. "నూనె సరిగ్గా పెట్టి ఉండడమ్మా," అన్నాడు వెనక నుంచి అన్నయ్య. నేను తలూపాను. చచ్చినవాడి మీదికి నెట్టేశాం. ఆ సాయంత్రం అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతే గోట్లో ఆ నలుపు ఇంకా ఉంది.

4. అడుగున కాస్త మిగిలిన ఆ రంగు డబ్బా అన్నయ్యకు. నా శవం దగ్గర ఆయన ఏడవకూడదు. ఏడిస్తే వకీలుగారు మూడో అంశం అందరూ వినేలా చదవాలి.

5. ఈ వీలునామా అమలు బాధ్యత వకీలుగారిది. మిగతా యాభైతొమ్మిది రివాల్వర్లు ఎవరెవరి నడుములకో ఉన్నాయి. నేను పోయాక వాళ్లకు ఉత్తరాలు పంపాలని మొదట రాశాను. రాసింది చదువుకుంటే నా మీద నాకే రోత పుట్టింది. ఇంకొకడు చచ్చేదాకా నేను చావకపోతే? ఆ అంశం కొట్టేశాను. దుకాణం లెక్కల్లో చిరునామాలు చూసి నిన్న ఉత్తరాలన్నీ నేనే పంపాను.

ఈ ఉదయం, తొట్టిలో ఏ రోజు ఏం కాచామో రాసే రిజిస్టరు పట్టుకుని కాపలాదారు ఇంటికి వెళ్లాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, 'హీటరు కాలింది, తొట్టి నడవలేదు' అని ఉన్న ఆ వారం పేజీ మొత్తం చదివింది. "పదకొండేళ్లు మా ఆయన్నే తిట్టుకున్నాను," అంది. నన్ను కూర్చోమనలేదు. రిజిస్టరు లోపలికి తీసుకెళ్లి తలుపు వేసుకుంది.

ఇందులో రాసినదంతా నిజమని ఒప్పుకుంటూ,
2019 మార్చి 14, గురువారం
(సంతకం) ఉప్పుతొట్టి మేస్త్రి

సాక్షులు:
1. నన్ను పరీక్షించిన డాక్టరు
2. పక్కింటి దర్జీ