మూడో అంతస్తులో గుర్రం

ఆయుధ అనుమతుల ఆఫీసు సూపరింటెండెంటు గారికి,

మూడో అంతస్తు దర్జీ నమస్కరించి రాసుకుంటున్నదేమంటే, అయ్యా, నేను కత్తెర తప్ప ఇంకో ఆయుధం పట్టి ఎరగను. అలాంటివాడికి బస్సులో తుపాకి వచ్చింది.

మా మామగారు ఈమధ్యే కాలం చేశారు. ఆయన ఊళ్ళో పంట కాపలా మనిషి. అడవి పందుల్ని బెదరగొట్టడానికి బతికినన్నాళ్ళూ ఈ తుపాకి భుజాన వేసుకుని తిరిగారు. పోయేముందు "ఇది అమ్మాయికివ్వండి" అన్నారట. మా బావమరిది దాన్ని దుప్పట్లో చుట్టి, పైన 'గొడుగులు' అని రాసి పంపించాడు. మా ఆవిడ దాన్ని తలుపు పక్కన నిలబెట్టి, "నాన్న గుమ్మంలో నుంచున్నట్టే ఉంది" అని ఒకటే ఏడుపు. అప్పట్నుంచీ పొద్దున్నే దాని దుమ్ము తుడిచాకే నాకు టీ.

ఎదురింటి బడిపంతులు చూసి, "ఊళ్ళో చెల్లుతుందేమో గానీ నగరంలో ఉంచుకుంటే జైలే" అన్నాడు. కింద షెడ్డులో మెకానిక్కు "పాతవాటికి ఏ కాగితమూ అక్కర్లేదు" అన్నాడు. నా దగ్గర యూనిఫారం కుట్టించుకునే పోలీసాయన "నన్నడక్కు, నాకూ తెలీదు" అన్నాడు. ముగ్గురిలోకీ ఆయన మాటే నాకు నమ్మకంగా తోచింది. అందుకే మీకు రాస్తున్నాను.

దాని పరిస్థితి కూడా చెప్పాలి కదా. గుర్రం బిగుసుకుపోయింది. బొటనవేలితో ఎంత లాగినా కదలడం లేదు. మిషను నూనె పూశాను, లాభం లేదు. మందు ఇంట్లో బొత్తిగా లేదు. నన్నేం చెయ్యమంటారో సెలవియ్యండి.

ఇట్లు,
మూడో అంతస్తు దర్జీ

తా.క. తుపాకి గుండ్లు నా బొత్తాల డబ్బాలో వేశాను. నిన్న కళ్ళజోడు లేకుండా ఒకటి చొక్కాకి కుట్టబోయాను.

*

మూడో అంతస్తు దర్జీ గారికి,

మీ ఉత్తరం అందింది. నిబంధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి. నగరవాసి తుపాకి కొనరాదు, కాని వారసత్వంగా పొందవచ్చు. పొందిన తుపాకిని అనుమతి లేకుండా ఉంచుకోరాదు. అనుమతి కోసం తుపాకిని ఈ ఆఫీసుకు తెచ్చి చూపవలెను. అనుమతి లేని తుపాకిని వీధిలోకి తేరాదు. నెలాఖరులోగా అనుమతి పొందని తుపాకులను స్వాధీనం చేసుకుని కొలిమిలో కరిగించడం జరుగుతుంది. ఇందులో మీకు సందేహం ఉండే అవకాశం లేదు.

ఇక గుర్రం. ఇది మా విభాగం కాకపోయినా ఊరుకోలేక రాస్తున్నాను. బొటనవేలితో లాగితే ఏ గుర్రం కదులుతుందండీ? బిగుసుకుపోయిందంటే కీళ్ళవాతం కావచ్చు. దానికి మిషను నూనె పూస్తారా? అసలు మూడో అంతస్తుకి ఎలా ఎక్కించారు? మేత ఏం పెడుతున్నారో వివరంగా రాయండి.

ఇంట్లో మందు లేదన్నారు. సంతోషం. మానేసినందుకు అభినందనలు.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క. నేను ఈ కుర్చీకి కొత్త. నా సర్వీసంతా పశువుల విభాగంలో గడిచింది. ఇక్కడ ఎటు చూసినా ఇనుమే, కళ్ళున్నది ఒక్కటీ లేదు. మీ గుర్రం ఏ రంగు?

*

దయగల సూపరింటెండెంటు గారికి,

దర్జీ నమస్కారాలు. తుపాకి చూపిస్తే గాని అనుమతి రాదు, అనుమతి వస్తే గాని తుపాకి తేకూడదు. ఇది అర్థం చేసుకోబోయి ఒక పెద్దమనిషి ప్యాంటుకి రెండు కాళ్ళూ ఎడమవే కుట్టాను. అందుకని తుపాకి బదులు దాని కొలతలు తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఛాతీ, చంక లేవు కనక వదిలేశాను.

ఇంకో చిక్కు. నగరం హద్దు మా ఇంటి నడుమ నుంచే పోతుందని ఇంటాయన ఇప్పుడు చెబుతున్నాడు. నా కుట్టుగది నగరంలో ఉందట, వంటిల్లు శివారులో ఉందట. పెళ్ళైనప్పట్నుంచీ టీ కోసం రోజూ ఊరు దాటుతున్నానని నాకు తెలీనే తెలీదు. తుపాకి ఏ గదిలో ఉంటే ఏ చట్టం?

మీరడిగినవి చెబుతాను. మా మామగారు ఉండగా గుర్రం నల్లగా నిగనిగలాడేది. ఇప్పుడు తుప్పు రంగుకి తిరిగింది. ఎక్కించడం పెద్ద కష్టం కాలేదు, నేనే భుజాన వేసుకుని మోసుకొచ్చాను. మేత అంటే మీ ఆఫీసు భాషలో మందే అనుకుంటున్నాను. ఆయన పోయినప్పట్నుంచీ కడుపు ఖాళీయే. ఆయన మాత్రం రోజూ చీకటిపడే వేళకి మందు దట్టించేవారు. గుప్పెడు దాటితే వెనక్కి తన్నేది. ఓసారి మా బావమరిది భుజం ఊడినంత పనైంది.

నిన్న సుత్తితో రెండు దెబ్బలు వేశాను. కిర్రుమంది, అంతే.

ఇట్లు,
అయోమయంలో ఉన్న దర్జీ

తా.క. నేను మందు మానలేదండీ. అసలు మొదలుపెట్టందే.

*

దర్జీ గారికి,

మీ ఉత్తరం చదివి మధ్యాహ్నం భోజనం చెయ్యలేకపోయాను.

ముందు చట్టం. శివారులో తుపాకి ఉంచుకోవచ్చు, కాని పంట కాపలాకి మాత్రమే, అదీ పంట పక్కనే. మీ వంటింట్లో పంట లేకపోతే అక్కడా నేరమే. కుట్టుగది సంగతి లోగడే చెప్పాను. గడప మీద ఉంచితే రెండు చట్టాలూ వర్తిస్తాయి.

ఇప్పుడు మనిషిగా రాస్తున్నాను. పెద్దాయన పోయారు కాబట్టి ఆయన్ని ఏమీ అనను. కాని నోరులేని ప్రాణికి రోజూ మందు పట్టించడమేమిటి? తన్నదా మరి? నేనైతే ఇంకా గట్టిగా తన్నేవాణ్ణి. ఆ అలవాటు చేసి, ఇప్పుడు కడుపు మాడ్చి, పైగా సుత్తితో కొడతారా! మీరు చేతులతో బతికేవారు, ఆ చేతులతోనే ఎలా కొట్టగలిగారు?

కింది ఆదేశాలు తక్షణం పాటించండి. గుర్రాన్నీ తుపాకినీ వెంటనే వేరు చెయ్యండి. రెండూ ఒకచోట ఉండటం ఎవరికీ క్షేమం కాదు. గుర్రానికి ఒళ్ళంతా రుద్ది స్నానం చేయించండి. మెత్తటి పక్క వేసి పడుకోబెట్టండి. దాని సంగతి పశువుల విభాగానికి నేనే రాశాను.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క. తుప్పు రంగు గుర్రాలు చాలా తెలివైనవి. మన మాటలన్నీ వాటికి అర్థమవుతాయి. దాని ముందు కొలిమి ప్రస్తావన తేకండి.

*

సూపరింటెండెంటు గారికి,

దర్జీ చేతులు జోడించి రాస్తున్నదేమంటే, మీరు చెప్పినట్టే గుర్రాన్నీ తుపాకినీ వేరు చేశాను. మెకానిక్కు వచ్చి రెంచితో పట్టి తిప్పితే గానీ ఊడి రాలేదు. స్నానమంటే మామూలు స్నానం చాలదని అతనన్నాడు. రాత్రంతా కిరసనాయిల్లో ముంచి ఉంచాం. పొద్దున తీసి రుద్దితే నలుపు తేలింది. పక్క కూడా వేశాను. పాత చొక్కా చేతిలో చుట్టి, కుట్టుమిషను సొరుగులో పడుకోబెట్టాను. మీ మనసు ఎంత మెత్తనో ఆ మాటతోనే తెలిసింది. ఇనపముక్కల మీద ఇంత ప్రేమున్న ఆఫీసరుని నేను చూడలేదు.

కాని అసలు బాధ అలాగే ఉంది. నెలాఖరు వచ్చేస్తోంది. కొలిమి సంగతి నేను దాచినా బడిపంతులు వచ్చి చెప్పేశాడు. అప్పట్నుంచీ మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. నిన్న మాత్రం ఒక్క మాటంది. "మా నాన్నని ఒకసారి తీసుకెళ్ళారు. మళ్ళీ తీసుకెళ్తామంటే నేనూరుకోను" అని. గుడ్డ ఎన్ని ముక్కలైనా అతకగలను గానీ దీనికి అతుకు నాకు తెలీదు. మీరు చదువుకున్నవారు, ఏదో దారి చూపించండి.

ఇట్లు,
మీ మీదే భారం వేసిన దర్జీ

తా.క. వంటింటి కిటికీలో కుండీ ఉంది. అందులో రెండు టమాటా మొక్కలున్నాయి. ఒకటి కాసింది. ఇది పంట కిందికి వస్తుందా? అడవి పందులు మూడో అంతస్తుదాకా రావు గానీ, ఉడత ఒకటి బాగా తెగించింది.

*

దర్జీ గారూ!

సొరుగులో పట్టిందా? అంటే అది పిల్లన్నమాట! తల్లి దగ్గర ఉండాల్సిన పసిగుడ్డు! దాన్ని రెంచితో తిప్పి, కిరసనాయిల్లో ముంచి... ఇక రాయలేను. ఏం ఊడి వచ్చిందో అడగను కూడా అడగను.

రేపు పొద్దున్నే పశువైద్యుణ్ణి, వ్యానునీ వెంటబెట్టుకుని నేనే వస్తున్నాను. తుపాకి సంగతి తర్వాత చూద్దాం.

సూపరింటెండెంటు

తా.క. మేం వచ్చేదాకా సొరుగు తెరిచి ఉంచండి, గాలి ఆడాలి. మీ మెట్ల వెడల్పెంత?

*

ప్రియమైన దర్జీ గారికి,

నిన్న మేం వచ్చేసరికి మీరు కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళారు. తిరిగొచ్చి మెట్ల మీద గడ్డిమోపు చూసి కంగారుపడి ఉంటారు. చెల్లెమ్మ మీతో మళ్ళీ మాట్లాడుతుందో లేదో తెలీదు కనక, జరిగింది నేనే చెబుతాను.

వ్యాను డ్రైవరు గడ్డి మోసుకుంటూ, డాక్టరు పెట్టె పట్టుకుని, నేను పలుపుతాడు చేత్తో పట్టుకుని ఆయాసపడుతూ ఎక్కాం. చెల్లెమ్మ తలుపు తీసింది. "గుర్రం ఎక్కడమ్మా?" అన్నాను. "సొరుగులోనే ఉందండీ, ఇప్పుడే లేపాను" అంటూ చొక్కా చెయ్యి విప్పి, నా అరచేతిలో ఇనపముక్క పెట్టింది. బొటనవేలంత ఉంది. నేను దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, మిగతాది ఎక్కడని అడిగాను. ఆమె తలుపు పక్కన ఉన్న తుపాకిని చూపించి, "దీనిదేనండీ, ఇక్కడుంటుంది. దీన్ని వెనక్కి లాగి వదిలితే పేలుతుంది. మా ఊళ్ళో దీన్ని గుర్రమనే అంటారు" అంది.

డాక్టరు చాలా పద్ధతైన మనిషి. గుర్రాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "దీనికి నా దగ్గర మందు లేదమ్మా" అన్నాడు. "మా దగ్గరా లేదండీ" అంది చెల్లెమ్మ. డ్రైవరు గడ్డి అక్కడే పడేసి మెట్ల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. మా ఆఫీసులో మాత్రం దీన్ని హేమరు అంటారండీ. ఊళ్ళో దాన్నే గుర్రమంటారని ఒక్కడు ముందే చెప్పి ఉంటే నా పరువు దక్కేది.

నేను సిగ్గుపడి పలుపుతాడు వెనక దాచుకున్నాను. చెల్లెమ్మ కుర్చీ వేసి, శివారులోకి వెళ్ళి టీ తెచ్చిచ్చింది. వాళ్ళ నాన్న గురించి చెప్పింది. చిన్నప్పుడు చీకట్లో పొలం చివర్నుంచి తుపాకి చప్పుడు వినపడితే, 'నాన్న బాగానే ఉన్నాడు' అనుకుని అప్పుడు నిద్రపోయేదట. ఇప్పుడు నిద్ర పట్టడం లేదంది. నేను కళ్ళు తుడుచుకుని, ఆఫీసుకొచ్చి, నిబంధనల పుస్తకం మొదటిసారి పూర్తిగా చదివాను.

అందులో ఉంది. హేమరు తీసేసిన తుపాకి నగరంలో తుపాకి కిందికి రాదు. గొట్టమున్న కర్ర కిందికి వస్తుంది. దానికి అనుమతి అక్కర్లేదు, కొలిమి అంతకన్నా అక్కర్లేదు. గుర్రాన్నీ తుపాకినీ వేరు చెయ్యమని తెలివితక్కువగా నేనిచ్చిన ఆదేశమే మీ మామగారి తుపాకిని కాపాడింది. తలుపు పక్కన నిశ్చింతగా నిలబెట్టుకోండి. విడిగా ఉన్న హేమరు మాత్రం ఆఫీసులో ఉండాలి. నిన్న కంగారులో అది నా జేబులోనే వచ్చేసింది, నా బల్ల మీదే పెట్టుకున్నాను. కాగితాలు ఎగిరిపోకుండా పట్టుకుంటోంది. ఇంత ఇనుములో నాకూ ఒక గుర్రం దొరికింది.

చెల్లెమ్మకి నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ సూపరింటెండెంటు

తా.క. పశువుల విభాగం నుంచి ఇవాళ జవాబొచ్చింది. మీ ఇంటి మూడో అంతస్తులో ఒక గుర్రాన్ని పెంచుకోవడానికి అనుమతి మంజూరైంది. రద్దు చేయించడానికి ప్రయత్నించాను. గుర్రం చచ్చిపోతే తప్ప కుదరదన్నారు. ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షకి దాన్ని మీ ఇంట్లో హాజరు పరచాలట. కాబట్టి ఏటా ఆ రోజు నేను గుర్రాన్ని జేబులో వేసుకుని వస్తాను. ఆ పూటకి తుపాకిని వంటింట్లోకి మార్చండి, టమాటాలకి నీళ్ళు మానకండి, అవి పంట కిందికి వస్తాయని నేను రాసిస్తాను. గుర్రాన్ని దాని చోట బిగిద్దాం. మీ కిరసనాయిలు బాగా పనిచేసింది, ఇప్పుడు బొటనవేలితో లాగితే వస్తోంది. మందు లేదు కనక పేలదు, టక్కుమంటుంది అంతే. అంత చప్పుడు చెల్లెమ్మకి చాలేమో అడిగి చూడండి.