చూసిందీ, విన్నదీ

1983 మార్చి 12, శనివారం

మిస్ ఎడ్నా మళ్ళీ నా రిపోర్టు కొట్టేసింది. పేజీ నిండా ఎర్ర గీతలు. రిటైరైనా టీచరమ్మ టీచరమ్మే. "సిగ్గులేని మేనేజర్" అని రాశాను. "సిగ్గు లేకపోవడం నీకెలా కనిపించింది? ఏ రంగులో ఉంది?" అంది.

అద్దెకు అడిగిన నల్లవాళ్ళను ఖాళీ లేదని తిప్పిపంపిన చోటికి, వెనకాలే నాలాంటి ఇంకో రంగు మనిషిని పంపి చూడటం... ఇదీ మిస్ ఎడ్నా సంఘం పద్ధతి. చూసిందీ విన్నదీ రాయాలి. కోపం ఇంట్లో పెట్టి రావాలి. వయసులో ఉన్నప్పుడు, తెల్లవాళ్ళకే అన్న హోటల్ కౌంటర్ దగ్గర తోటి నల్లవాళ్ళతో కూర్చుంటే ఈవిడ నెత్తిన కెచప్ పోశారు. కదల్లేదు. నేనైతే ప్లేటు విసిరేవాణ్ణి. ఆపైన పత్రికకు వ్యాసం.

మార్చి 15

శనివారం ఊరి పక్క ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాలి. డెనీస్ అనే నర్సును పొమ్మన్నారట. చంటిపిల్ల తల్లి, హాస్పిటల్ అక్కడికి దగ్గర. "ఓనర్ మీ దేశం వాడేనట" అంది మిస్ ఎడ్నా. ఏ గుజరాతీయో అయి ఉంటాడు.

మార్చి 19

మూర్తి!

ఆఫీసు తలుపు తీసింది మన మూర్తి. "రండి గురువుగారూ! ఈమధ్యే కొన్నాను. ఉగాదికి సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నా." హ్యూస్టన్ నుంచి ఫ్రెండ్ వస్తున్నాడని, వాడికి ఇల్లు కావాలని నసిగాను. కింద ఫ్లాట్ చూపించాడు. ఖాళీ. కొత్త కార్పెట్ వాసన. "మొన్న ఒక నల్ల నర్సు వచ్చింది. నిండిపోయిందని చెప్పి పంపేశా. మనవాళ్ళయితే నిశ్చింత కదండీ."

కాఫీ ఇచ్చాడు. తాగాను.

మార్చి 20

రిపోర్టు ఇచ్చాను. మిస్ ఎడ్నా ఎర్ర పెన్ను మూత కూడా తీయలేదు.

"తెలిసినవాడా?"

డెబ్భై ఒకటిలో మా సోఫా మీద నెల్లాళ్ళు పడుకున్నవాడు. ఫోన్‌లో ఉందన్న ఇల్లు వాడి ముఖం చూడగానే లేకుండా పోయేది... ఇదే ఊళ్ళో.

ఏప్రిల్ 6

మూర్తికి కోర్టు నోటీసు అందింది. ఫోన్. "గూఢచారిలా వచ్చి, నా కాఫీ తాగి, నామీదే సాక్ష్యమా?"

కాఫీ మాట తగిలింది.

"నల్లవాళ్ళ గొడవలు మనకెందుకండీ? మనం కష్టపడి పైకొచ్చాం."

అరిచాను. మనల్ని రానిచ్చిన తలుపు ఎవరు తంతే తెరుచుకుందయ్యా? పోలీసులు కుక్కల్ని వదిలితే నిలబడ్డారు, పాడుకుంటూ జైళ్ళకెళ్ళారు! మనం సూట్‌కేసులతో దిగేసరికి చట్టాలు సిద్ధం. ఆ పోరాటాల్లో ఒక్క పూటైనా వాళ్ళ పక్కన కూర్చున్నామా? ఫోన్ పెట్టేశాడు.

వంటింట్లోంచి మా ఆవిడ: "వాదన మీరే గెలిచారు. ఇంక ఆ మూర్తీ, సరళా మన గడప తొక్కరు."

ఏప్రిల్ 9

ఉగాది సభలో ఈసారి నా ఉపన్యాసం లేదట. సంతోషం.

ఏప్రిల్ 15

మూర్తీ, వాళ్ళావిడ సరళా వచ్చారు. కూర్చోలేదు. "అన్నయ్యగారూ, ఆ ఫ్లాట్ ఆ అమ్మాయికే ఇచ్చేస్తాం. సోమవారం మీరు కోర్టుకు రాకండి, చాలు." సరళే మాట్లాడింది. మూర్తి నేల చూపులు — సోఫా రోజుల నాటి చూపే.

మిస్ ఎడ్నాకు ఫోన్ చేసి ఉపన్యాసం దంచాను. తల్లీబిడ్డలకు ఇల్లు దొరుకుతోంది, ఇంకేం కావాలి? కాదు, ఆ తరువాత తలుపు తట్టేవాళ్ళ గతి? రెండు పక్షాలూ నేనే వాదించాను. ఆవిడ అంతా విని, "డెనీస్ ఏమంది?" అంది.

అడగలేదు. మూర్తీ అడగలేదు, సరళా అడగలేదు. ఇంత నోరున్న నేనూ అడగలేదు.

ఏప్రిల్ 17, ఆదివారం

ఆ అమ్మాయినే అడుగుతానని సరళకు చెప్పి, డెనీస్‌కి ఫోన్ చేశాను. వాళ్ళన్నది అన్నట్టుగా చెప్పాను, ఏమీ కలపకుండా. కోర్టుకెళ్ళాలో వద్దో మీరే చెప్పండి, అలాగే చేస్తాను అన్నాను.

వెనక పిల్ల కేరింతలు.

"ఆయన ఆఫీసు అక్కడేనా? రోజూ ఆయన ముందు నుంచే నడవాలా?"

అవునన్నాను.

"డ్యూటీకి టైమయింది. వచ్చాక చెప్తాను."

మా ఆవిడ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. రేపు ఎక్కడికని అడగలేదు.

ఫోన్ మోగింది. పరుగెత్తాను. సరళ.

"ఏమందండీ ఆ అమ్మాయి?"

ఇంకా ఏమీ అనలేదమ్మా, అన్నాను.