కమల చెప్పిన చరిత్ర

1962 జనవరి, ఆదివారం. ముత్తుకూరు.

సాయంత్రం రేడియోలో కమల మాట్లాడింది. మద్రాసులో ఏటా జరిగే అంతర్జాతీయ పరుగు పందేల చరిత్ర చెప్పింది. ఒకప్పుడు కాలేజీ హాస్టల్లో నా గదిలోనే ఉన్న కమల ఇప్పుడు ఆ పందేలకు న్యాయనిర్ణేత. మొదట్లో మగవాళ్లే పరుగెత్తేవాళ్లట. మేం చదివే రోజుల్లో సింహళం అమ్మాయిలు వచ్చాకే ఆడవాళ్లకూ పందెం పెట్టారంది. వాళ్లు నిక్కర్లతో వస్తే, తాను చీరను గోచీ పోసి కట్టి పరుగెత్తి రెండో స్థానంలో వచ్చానంది.

ఆ గోచీ కట్టింది నేను. ఇక్కడి రేవులో చేపల గంపలతో పరుగెత్తే ఆడవాళ్ల కట్టు అది. మెట్ట ఊళ్లో పుట్టిన కమలకేం తెలుసు? దానికి బిగించి కట్టేసరికే అందర్నీ గీత దగ్గరికి పిలిచారు. నాది హడావిడిగా దోపుకున్నాను. సగం దూరంలో ఊడింది. కుచ్చిళ్లు పట్టుకుని అందరి ముందూ నిలబడిపోయాను.

ఈయన పేపరు దించి, "నువ్వు గూడా పరిగెత్తినానంటివే, నీ పేరు రాలేదేంది?" అన్నారు.

"నిలబడిపోయినోళ్ల పేరు ఎవరు చెప్తారండీ?"

"ఆయమ్మ అబద్ధమేం చెప్పలేదు గదా మరి."

చెప్పలేదు. మంటంతా అదే. నా కట్టు నిలిచి ఉంటే కమలను దాటేదాన్నా? ఏమో, అది నాకంటే బాగానే పరుగెత్తేదేమో...

ఒక్క అబద్ధం చెప్పి ఉంటే, ఈపాటికి దాన్ని తిట్టుకుని హాయిగా నిద్రపోయేదాన్ని.