అత్త తిప్పిన స్టీరింగు

బావా,

ఇది నువ్వు చదవవని తెలిసినా రాయకుండా ఉండలేకపోతున్నాను. నీ కారు స్టీరింగు ఆయిలు ఈరోజు నేనే మార్చాను!

నీ ఏడాది కార్యం అయినప్పటి నుంచి స్టీరింగు బిగుసుకుపోయి, మలుపు వస్తే చాలు మూలిగేది. నువ్వు పోయినాక టాక్సీగా దీన్ని నేనే నడుపుతున్నాను కదా, ధర్మవరానికి చీరల బేరాలకు పోయే ఆడవాళ్లంతా నా కారే ఎక్కుతున్నారు. బండి ఎలా ఆపను? హిందూపురంలో మెకానిక్కు మాత్రం, "ఆడమనిషివి, నీకెందుకమ్మా ఈ తిప్పలు? అమ్మేయ్" అన్నాడు. నాకు రోషం వచ్చింది. అక్కడే ఆయిలు డబ్బా కొనుక్కుని పెనుకొండకు వచ్చేశాను.

ఇంటి ముందర బానెట్ ఎత్తి, పాత ఆయిలు సిరంజితో లాగేశాను. డికాక్షన్ లాగా నల్లగా ఉంది. కొత్తది ఎర్రగా మెరుస్తూ దిగింది. అది లోపలంతా పారాలంటే ఇంజను ఆన్ చేసి, ఎవరో ఒకరు స్టీరింగును ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పాలి. ఇంట్లో ఉన్నది మీ అమ్మే. నువ్వు పోయినాక అత్త ఈ కారును తాకనైనా లేదు. పిలిస్తే చాలాసేపు గడపలోనే నిలబడింది. తర్వాత కొంగు బిగించి వచ్చి నీ సీట్లో కూర్చుంది.

"యా పక్కకు తిప్పల్లమ్మే? పడమటికా, తూర్పుకా?"

"తూర్పుకు తిప్పు అత్తా! ఇంక పడమటికి!"

ఆమె తిప్పుతుంటే నేను లాగుతూ, పోస్తూ నాలుగుసార్లు చేశాం. ఆయిల్లో గాలి బుడగలు రావడం ఆగింది. మూలుగూ ఆగింది. అత్త ఒంటిచేత్తో స్టీరింగు గిర్రున తిప్పి పకపకా నవ్వింది, బావా! ఏడాది దాటాక మళ్లీ ఆమె నవ్వు విన్నాను.

"అయిపాయ, దిగత్తా" అన్నాను.

"ఉండుమ్మే, నేను దిగేది ల్యా. హారన్ యాడుండాది?"