దోమల్లేని ఆదివారం

జూలై 12, సోమవారం

బాబాయికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. నెలాఖరుకి వెళ్లిపోతాడు. ఈ ఆదివారం పెరట్లో అందరం కలిసి భోంచేయాలని అమ్మ తీర్మానం. నాన్న వెంటనే సరే అన్నాడు. అదే నాకు అనుమానం.

నానమ్మ ఆపరేషన్ చేయించాలా వద్దా అని అన్నదమ్ములిద్దరూ మాటా మాటా అనుకున్నారు. నానమ్మ పోయి మూడేళ్లయినా ఇద్దరికీ మాటల్లేవు. బాబాయి వస్తూనే ఉంటాడు, అమ్మతో మాట్లాడి వెళ్తాడు. ఆయన పెరట్లో కుర్చీ లాక్కోగానే నాన్న దోమలు బాబూ దోమలు అంటూ లోపలికి వెళ్లిపోతాడు. మిట్టమధ్యాహ్నమైనా దోమలే.

ఈసారి ఆ సాకు లేకుండా చేస్తాను.

జూలై 13

కుండీల కింది ప్లేట్లు, పగిలిన బకెట్, పాత టైరు అన్నీ బోర్లించాను. టైరు నీళ్లలో పురుగులు ఈతల పోటీ పెట్టుకున్నాయి.

జూలై 15

నేను పనిచేసే కర్టెన్ల షాపులో మిగిలిన నెట్ గుడ్డ తెచ్చి కుడుతున్నాను. పెరడుకి కూడా కర్టెనా అని ఓనరమ్మ ఒకటే నవ్వు.

జూలై 17, శనివారం

నడుం పడిపోయింది. చుట్టూ నెట్ కట్టేశాను. గాలికి దోమ నిలవదని రెండు స్టాండు ఫ్యాన్లు కూడా పెట్టాను. సాయంత్రం కూర్చుని చూశాను. ఒక్కటీ కుట్టలేదు.

జూలై 18, ఆదివారం

నాన్న అలవాటుగా లేవబోయి, చుట్టూ చూసి, మళ్లీ కూర్చున్నాడు. గెలిచాననుకున్నాను. కాసేపే. అన్నదమ్ములిద్దరూ తలొంచుకుని తింటున్నారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప మాట లేదు. నాన్న లోపలికి పోయినా అందరికీ ఊపిరాడేది కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఉన్నట్టుండి నాన్న మెడ మీద ఫట్టున కొట్టుకున్నాడు. బాబాయి వైపు చూసి, దోమ అన్నాడు. బాబాయి చెయ్యి చరుచుకుని, ఇక్కడ కూడా ఉందన్నయ్యా అన్నాడు.

ఇద్దరి అరచేతులూ చూశాను. ఏమీ లేదు.

ఫ్యాన్ ఇటు తిప్పమన్నాడు నాన్న. బాబాయే లేచి తిప్పాడు. అలా కాదన్నాడు నాన్న. ఎప్పుడూ నీ మాటే నెగ్గాలా అన్నాడు బాబాయి. గొడవ మళ్లీ మొదలైందనుకున్నాను. నాన్న నవ్వాడు! ఇక నానమ్మ దోమతెర కట్టే తీరు గురించి మొదలెట్టారు. నాలుగో మూల ఎప్పుడూ మర్చిపోయేదట. అమ్మ నీళ్లు తెస్తానని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. నాకూ ఏడుపొచ్చింది.

జూలై 22

ఆదివారం బాబాయి మళ్లీ వస్తున్నాడు. నాన్న నన్ను పక్కకి పిలిచి, పెరట్లో తమ ఇద్దరికీ కుర్చీలు వేసి ఆ నెట్ విప్పేయమన్నాడు.