వెయ్యనా అండీ?

అమ్మా,

ఇవాళ ఫ్లూ టీకా కోసం వెర్రిబీ క్లినిక్‌కి వెళ్తే, హాస్పిటల్లో నిన్ను చూసుకున్న ఫిలిప్పీన్స్ నర్సు లోర్నా కనిపించింది. నా చెయ్యి పట్టుకుని "వెయ్యనా అండీ?" అంది.

మొదటిరోజు ఆవిడ "గుడ్ మార్నింగ్ పో" అంటే, "నన్ను పొమ్మంటోందేమిట్రా!" అని ఎంత గొడవ చేశావు! వాళ్ళ భాషలో అది మర్యాదని చెప్పాక, నువ్వే కూర్చోబెట్టి 'వెయ్యనా అండీ', 'తుడవనా అండీ' నేర్పావు.

"నన్నెందుకే, మావాణ్ణడుగు" అని కసిరినా, ఆవిడ నిన్నే అడిగేది. "యువర్ బాడీ, అండీ" అనేది. నువ్వు లోలోపల మురిసిపోయేదానివి.

నువ్వు కన్నుమూశాక కూడా తడిగుడ్డ తెచ్చి, నీ చెవి దగ్గర వంగి "తుడవనా అండీ?" అంది. నీ జవాబు కోసం కాసేపు ఆగింది.

ఇవాళ నా జవాబు కోసమూ సూది పట్టుకుని, ఆవిడ అలాగే ఆగింది.