కడిగిన ఆలివ్‌లు

అత్తయ్యా, మీరు లేచేసరికి నేను హోటల్లో ఉంటాను. పదింటికి మా చెఫ్ ముందు నా కొత్త టాకో, అదే ఆ మొక్కజొన్న రొట్టె మడత, పెట్టాలి. ఆయనకు నచ్చితేనే అది మెనూలోకి ఎక్కుతుంది.

ఫ్రిజ్‌లో తడిబట్ట కింద ఉన్న మొక్కజొన్న పిండి ముద్దను పారేయకండి. అది పాచిపోలేదు, దాని వాసనే అంత. మీ బీపీ మాత్ర టీ కప్పు పక్కన పెట్టాను. స్టవ్ కట్టేశానో లేదో మూడుసార్లు చూశాను, అయినా మీరు కూడా ఒకసారి చూడండి.

నిన్న సాయంత్రం మీ మీద అరిచాను. "ఇంత ఉప్పు మనుషులు తింటారా" అంటూ మీరు ఉప్పునీళ్లలో ఊరిన సీసాడు ఆలివ్‌లను ఐదుసార్లు నీళ్లు మార్చి కడిగేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఇవాళ వేరే దారి లేక వాటినే తరిగి మిరపకాయల సల్సా పచ్చడిలో కలిపాను, టాకోలో శనగలు రుబ్బిన హమ్మస్ మీద వేసుకుని తిన్నాను. కాల్చిన మిరపకాయ రుచి మొదటిసారి నాలుకకు తెలిసింది. ఇన్నాళ్లూ ఆ ఉప్పే దాన్ని పైకి రానివ్వలేదు.

అందుకే మీరు కడిగినవే పట్టుకెళ్తున్నాను.

ఇంకో మాట. చెఫ్ మెచ్చుకుంటే ఆలివ్‌లు మా అత్తగారు కడిగారని చెప్తాను. ఆయన మొహం చిట్లించినా అదే చెప్తాను.